మీరు పైన ఉన్నారా, కింద ఉన్నారా?

గత నెల ఈ శీర్షికలో పెద్దవాళ్లున్న ఇళ్లలో మెట్ల గురించి రాస్తూ, ఇంగ్లండులో మెట్ల వెంట పట్టా మీద నడిచే కుర్చీలు ఉంటాయనీ, వాటిని స్టెయిర్‌లిఫ్టులంటారనీ, అలాంటివి అమర్చే ఒక సంస్థలో నేను పదకొండేళ్లు వినియోగదారుల సహాయ విభాగంలో, అంటే టెలిఫోను దగ్గర, పనిచేశాననీ ఒక్క వాక్యంలో ప్రస్తావించాను. వ్యాసంలో మిగతాదంతా వదిలేసి ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకుని చాలామంది ఉత్తరాలు రాశారు. ఎక్కువమంది అడిగింది కోవిడ్ కాలం గురించే. బయటివాళ్లు గడప తొక్కకూడని రోజుల్లో ఆ కుర్చీల మీద ఆధారపడ్డ ముసలివాళ్లను సంస్థ సిబ్బంది ఎలా కనిపెట్టుకుని ఉన్నారన్నది వారి సందేహం. అందుకని ఈ నెల శీర్షికను ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాను. నేను చెప్పేదంతా నేను పనిచేసిన చోట చూసింది, చేసింది. సంస్థ పేరుతో మనకు పని లేదు.

ప్రశ్న: మా అమ్మాయి మాంచెస్టర్‌లో ఉంటుంది. 2020లో పక్కింటి పెద్దావిడకు మెట్ల కుర్చీ కంపెనీ నుంచి వారం వారం ఫోను వచ్చేదని చెబుతుంది. యంత్రం అమ్మి డబ్బు తీసుకున్నవాళ్లకు అంత పట్టింపు ఎందుకు? అసలు ఆ కుర్చీ అంత ముఖ్యమైనదా?
— పాఠకురాలు, కాకినాడ

జవాబు: మీ అమ్మాయి చెప్పింది నిజమే అయి ఉంటుంది, ఎందుకంటే మేమూ అలాగే ఫోన్లు చేశాం. ఎందుకో తెలియాలంటే ముందు అక్కడి ఇంటి కట్టడం తెలియాలి. ఇంగ్లండులో మామూలు కుటుంబాల ఇళ్లు చాలావరకు రెండంతస్తులవి. పాత పారిశ్రామిక పట్టణాలలోనైతే ఒకే గోడను పంచుకుంటూ వీధి పొడవునా వరుసగా ఉంటాయి. వంటిల్లు, కూర్చునే గది కింద. పడకగదులు, స్నానాలగది, మరుగుదొడ్డి పైన. పాత ఇళ్లలో చాలావాటికి కింద మరుగుదొడ్డి ఉండనే ఉండదు. రెండింటికీ మధ్య ఇరుకుగా, నిటారుగా ఓ పదమూడు మెట్లుంటాయి. మనం బంగళా అంటే కలిగినవాళ్ల పెద్ద ఇల్లనుకుంటాం. అక్కడ బంగళా అంటే మెట్లు లేని ఒంటి అంతస్తు ఇల్లు, మోకాళ్లు అరిగిపోయాక మారదామని ముసలివాళ్లు వెతుక్కునే ఇల్లు. అది దొరకనివాళ్లూ, దొరికినా నలభై ఏళ్లు కాపురం చేసిన ఇంటిని వదిలి వెళ్లలేనివాళ్లూ మెట్ల కుర్చీ పెట్టించుకుంటారు. వైకల్యం ఉన్నవారికి ఇంటి మార్పుల కోసం ఇంగ్లండులో స్థానిక కౌన్సిలు ద్వారా, ఆదాయాన్ని బట్టి, 30,000 పౌండ్ల వరకు అందే సాయం ఒకటుంది; కొన్ని కుర్చీలు ఆ దారిన వస్తాయి, మిగతావి సొంత డబ్బుతో.

ఇక 2020 మార్చి 23 రాత్రికి రండి. ప్రధాని బోరిస్ జాన్సన్ టీవీలో కనిపించి అందరినీ ఇళ్లలోనే ఉండమన్నారు. ఆ రోజుల్లోనే, తీవ్రమైన జబ్బులున్నవాళ్లకు పన్నెండు వారాల పాటు గుమ్మం దాటవద్దని ఉత్తరాలు అందసాగాయి. దీన్ని షీల్డింగ్ అన్నారు. ఆ జాబితా పెరిగి పెరిగి ఒక్క ఇంగ్లండులోనే దాదాపు 22 లక్షల మందికి చేరింది. మా వినియోగదారుల్లో చాలామంది అందులో ఉన్నవాళ్లే, లేదా ఉండదగినవాళ్లే. అంతకుముందు వారానికి రెండుసార్లు వచ్చే కూతురు రాదు, ఇల్లు తుడిచే మనిషి రాదు, ఆదివారం మనవలు రారు. ఇంట్లో మనిషి ఒక్కరే. ఆ ఒక్కరికీ వంటింటికీ పడకగదికీ మధ్య ఉన్న దారి ఆ కుర్చీ ఒక్కటే.

అందువల్ల మా పనిలో మొదటి మార్పు ఒక ప్రశ్నలో వచ్చింది. అంతకు ముందు ఎవరైనా కుర్చీ ఆగిపోయిందని ఫోను చేస్తే పేరు, పోస్ట్‌కోడు, యంత్రం మీది నంబరు అడిగేవాళ్లం. ఏప్రిల్ మొదటి వారానికల్లా, ఎవరూ నిర్ణయించకుండానే, అందరం ముందు ఒకే మాట అడగడం మొదలుపెట్టాం: ‘మీరు పైన ఉన్నారా, కింద ఉన్నారా?’ పైన చిక్కుకున్నవాళ్లకు మంచం, మరుగుదొడ్డి ఉంటాయి, తిండి ఉండదు; మందుల సీసాలు సాధారణంగా వంటింట్లోనే ఉంటాయి. కింద చిక్కుకున్నవాళ్లకు తిండి ఉంటుంది, మరుగుదొడ్డి ఉండదు. మధ్యలో ఆగిపోయినవాళ్లయితే ఇంకేమీ అడగకుండా, లైను వదలకుండా, బెల్టు తీయవద్దని మాత్రం చెప్పి, ఇంకొకరిని ఇంజనీరు కోసం పరుగెత్తించేవాళ్లం. ఎవరి ఇంటికి ముందు మనిషి వెళ్లాలన్నది ఆ జవాబును బట్టే తేలేది.

వారం వారం చేసిన ఫోన్ల సంగతికి వస్తే, అది మొత్తం దయాధర్మమని నేను చెప్పను. మా దగ్గర ఎనభై దాటినవాళ్లు, ఒంటరిగా ఉంటున్నవాళ్లు ఎవరన్నది రికార్డుల్లో ఉంది. కుర్చీ ఆగిపోయాక మనిషిని పంపడం కంటే ఆగకముందే మాట్లాడటం మేలని లెక్కవేసే ఆ జాబితా తీశారు. కానీ ఫోను ఎత్తిన తర్వాత లెక్కలు నిలవవు. ‘కుర్చీ బాగా నడుస్తోందా’ అన్న ప్రశ్నకు జవాబు అర నిమిషంలో అయిపోయేది, మిగతా పది నిమిషాలు వేరే కబుర్లు. ప్రభుత్వం పంపిన సరుకుల పెట్టె అందిందా, మందులు ఎవరు తెస్తున్నారు, పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా. ఏదైనా తేడాగా అనిపిస్తే కౌన్సిలు సహాయ కేంద్రం నంబరు చెప్పి, రాసుకున్నారో లేదో మళ్లీ చెప్పించుకునేవాళ్లం. జాతీయ ఆరోగ్య సేవ పిలుపునిస్తే ఆ వసంతంలో ఏడున్నర లక్షల మంది స్వచ్ఛందంగా పేర్లు నమోదు చేసుకున్నారు, కాబట్టి మందులు తెచ్చిపెట్టేవాళ్లకు కొరత లేదు. ఆ సంగతి తెలియక, తెలిసినా అడగడానికి మొహమాటపడి, మాత్రలు రెండు రోజులకు ఒకటి చొప్పున సర్దుకుంటున్నవాళ్లే ఎక్కువగా తగిలేవారు.

ప్రశ్న: ఫోనులో మాట్లాడి యంత్రాన్ని బాగుచేయడం సాధ్యమేనా? నేను ముప్పై ఏళ్లు విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యాను. చెయ్యి పెట్టకుండా ఏ మోటారూ తిరగదని నా అనుభవం.
— పాఠకుడు, ఖమ్మం

జవాబు: మీ సందేహం సబబే. నిజంగా మోటారు కాలిపోతేనో, బ్యాటరీలు చచ్చిపోతేనో మేమూ ఏమీ చేయలేం. కానీ కుర్చీ కదలడం లేదన్న ఫోన్లలో చాలావాటికి కుర్చీలో లోపమే ఉండదు; అది తనకు నేర్పిన జాగ్రత్త పాటిస్తూ ఆగి ఉంటుంది. మీకు సులువుగా అర్థమవుతుంది కనుక దాని నడక కాస్త వివరంగా చెబుతాను.

పట్టాను గోడకు కాదు, మెట్లకే బిగిస్తారు. పట్టా పొడవునా పళ్లుంటాయి. కుర్చీ అడుగున ఉన్న మోటారు పళ్లచక్రాన్ని తిప్పుతూ ఆ పళ్ల మీద ఎక్కుతుంది, దిగుతుంది. మోటారుకు కరెంటు గోడ సాకెట్టు నుంచి నేరుగా రాదు. కుర్చీలోనే సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీలు రెండు, అంటే 24 వోల్టులు, ఉంటాయి. పట్టా పై చివరా కింది చివరా ఉన్న చోట్ల కుర్చీ ఆగినప్పుడు అవి ఛార్జి అవుతుంటాయి. అందుకే కరెంటు పోయినా కుర్చీ కొన్నిసార్లు ఎక్కి దిగగలదు. కుర్చీ చేతులు పైకెత్తి ఉంటే కదలదు. దిగడానికి వీలుగా పక్కకు తిప్పిన ఆసనాన్ని మళ్లీ సరిగ్గా బిగుసుకునేలా తిప్పకపోతే కదలదు. పాదాలు పెట్టుకునే పలక అంచుకు ఏదైనా తగిలితే వెంటనే ఆగిపోతుంది. అయితే తగిలిన వైపు తప్ప రెండో వైపు నడుస్తుంది.

ఇప్పుడు 2020 ఏప్రిల్‌లో ఒక సాయంత్రం. ఎనభై నాలుగేళ్ల పెద్దాయన, చేతిలో వైరులేని ఫోను, కుర్చీ కింది నుంచి రెండో మెట్టు దగ్గర ఆగిపోయింది. ‘పైనా కాదు కిందా కాదమ్మా, దాదాపు కింద’ అన్నారు. బెల్టు పెట్టుకునే ఉన్నారా అని అడిగాను, ఉన్నారు. మెట్ల అడుగున ఏముందో చూసి చెప్పమన్నాను. కాసేపు మాట లేదు. తర్వాత ‘పెట్టె’ అన్నారు. ఆయన పైన నిద్రపోతుండగా, తాళం చెవి ఉన్న పొరుగువాళ్లు ప్రభుత్వం పంపిన సరుకుల పెట్టెను తలుపు తీసి లోపలికి తోసి వెళ్లారు. అలాంటి ఇళ్లలో వీధి తలుపు తెరిస్తే ఎదురుగానే మెట్లు. ఆ పెట్టె సరిగ్గా పాదాల పలక దిగే చోటికి వచ్చి కూర్చుంది. ముందు పైకి వెళ్లే బటన్ నొక్కి జానెడు పైకి వెళ్లమన్నాను. కుర్చీ కదిలింది, ఆయన గొంతు కూడా మారింది. తర్వాత, కుర్చీ చేతికి తగిలించుకున్న చేతికర్రతో, ముందుకు వంగకుండా, పెట్టెను పక్కకు నెట్టగలరా అని అడిగాను. ‘నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు బాగానే బిలియర్డ్స్ ఆడేవాణ్ని’ అన్నారు. ఫోనులో కర్ర అట్టను గీకిన చప్పుడు, తర్వాత డబ్బాలేవో నేల మీద దొర్లిన చప్పుడు వినిపించాయి. మొత్తం పదకొండు నిమిషాలు. మామూలు రోజుల్లో అయితే ఆ పెట్టెను చూడటానికి ఒక ఇంజనీరు యాభై మైళ్లు వ్యాను నడుపుకుంటూ వెళ్లి ఉండేవాడు.

ఆ నెలల్లో ఇంకో చిత్రమైన కారణం కూడా మాటిమాటికీ ఎదురైంది. మనవలను వీడియోలో చూడటానికి చాలామందికి పిల్లలు ట్యాబ్లెట్లు కొని పంపారు. మెట్ల దగ్గర సాకెట్టు ఒక్కటే ఉంటే, కుర్చీ ప్లగ్గు పీకి ట్యాబ్లెట్ ఛార్జరు పెట్టేవారు. రెండు రోజులకు బ్యాటరీ దిగిపోయి కుర్చీ మొరాయించేది. మరికొందరు కుర్చీని చివరి దాకా పోనివ్వకుండా నాలుగంగుళాల ముందే దిగేవారు. ఛార్జి అందని కుర్చీ కీచుకీచుమని అరుస్తుంటే, అరుపు భరించలేక అసలు స్విచ్చే ఆపేసేవారు. ఇవన్నీ మాటలతో సరిదిద్దగలిగినవే. కొన్ని రకాలకు చిన్న తెర మీద ఒక అక్షరమో అంకెనో కనిపిస్తుంది. అది చదివి చెబితే లోపం ఎక్కడో మాకు తెలిసిపోయేది. చదవడానికి కళ్లద్దాలు కావాలి, అద్దాలు పైన ఉంటాయి, మనిషి కింద ఉంటారు. ఫోను మీద పనిచేసేవాళ్లకు మోటారు కంటే ముందు ఇలాంటివి తెలియాలి.

కవరు విప్పమని, లోపల చెయ్యి పెట్టమని మాత్రం ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు. అక్కడ మీ అనుభవమే సరైనది.

ప్రశ్న: ఇంజనీరు తప్పనిసరిగా వెళ్లవలసి వస్తే ఏం చేసేవారు? నేను నర్సును. రోగి ఉన్న ఇంట్లోకి వెళ్లడమంటే ఏమిటో నాకు తెలుసు, అందుకే అడుగుతున్నాను.
— పాఠకురాలు, వరంగల్

జవాబు: ప్రభుత్వ సూచనల్లో ఒక వాక్యం ఉండేది. ఇళ్లలో మరమ్మతులు చేసేవాళ్లు, తమకు లక్షణాలు లేకపోతే, పని చేసుకోవచ్చు. కానీ ఐసొలేషన్‌లో ఉన్నవాళ్ల ఇంట్లోకి, షీల్డింగ్‌లో ఉన్నవాళ్ల ఇంట్లోకి, ఆ ఇంటివాళ్ల భద్రతకు నేరుగా ప్రమాదం ఉంటే తప్ప వెళ్లకూడదు. ప్లంబరుకు ఇది అప్పుడప్పుడూ వచ్చే చిక్కు. మాకు దాదాపు ప్రతి ఇల్లూ అలాంటిదే. ఆగిపోయిన కుర్చీ నేరుగా ప్రమాదమా, కాదా? కింద సోఫా ఉండి, కూతురు తెచ్చిన పోర్టబుల్ టాయిలెట్ కుర్చీ ఉన్న ఇంట్లో రెండు రోజులు ఆగవచ్చు. మూత్రం ఎక్కువయ్యే మాత్రలు వేసుకునే మనిషి కింద చిక్కుకుంటే రెండు గంటలు కూడా కష్టమే. పాకుతూ మెట్లెక్కడానికి ప్రయత్నిస్తానని ఎవరైనా అన్నారంటే ఇక ఆలోచించేది లేదు. ఏటేటా చేసే సర్వీసులన్నీ వాయిదా వేసి, ఇంజనీర్లను ఇలాంటి ఇళ్లకే ఉంచాం.

వెళ్లే ముందు ఒక ఫోను, గుమ్మం దగ్గర మరో ఫోను. ఇంట్లో ఎవరికైనా జ్వరం, దగ్గు ఉన్నాయా, కిటికీలు తెరిచారా, మీరు పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకోగలరా. మాస్కు, తొడుగులు వేసుకుని లోపలికి వెళ్లడం, పని కాగానే కుర్చీ చేతులు, బెల్టు బకిలు, రిమోట్లు తడిగుడ్డతో తుడవడం, సంతకం తీసుకోకుండా ఇంజనీరే వివరం రాసుకోవడం. మీకు తెలిసినవే ఇవన్నీ. మాకు అసలు కష్టం కొత్తగా కుర్చీ అమర్చినప్పుడు వచ్చేది. ఎలా కూర్చోవాలి, బెల్టు ఎలా పెట్టుకోవాలి, పైకి చేరాక ఆసనాన్ని ఎటు తిప్పి దిగాలి, ఇవి పక్కన నిలబడి, అవసరమైతే చెయ్యి పట్టుకుని నేర్పవలసినవి. రెండు మీటర్ల దూరం పాటించమంటారు. ఆ ఇళ్లలో మెట్ల ముందున్న నడవ వెడల్పు మీటరు ఉంటే గొప్ప. అందుకని మా ఇంజనీర్లు వీధి తలుపు బార్లా తెరిచి, తాము బయట కాలిబాట మీద నిలబడి, తమ నడుముకు ఒక విడి బెల్టు కట్టుకుని చూపిస్తూ గట్టిగా చెప్పేవారు. వాన పడుతుంటే వానలోనే. ఎదురింటివాళ్లు కిటికీలో నుంచి చూస్తుండేవారు. మొదటిసారి ఒంటరిగా పైదాకా వెళ్లి తిరిగి దిగిన ఒకావిడకు ఆ వీధిలో చప్పట్లు కొట్టారని మా ఇంజనీరు చెప్పాడు. గురువారం రాత్రి ఎనిమిదింటికి వైద్య సిబ్బంది కోసం దేశమంతా చప్పట్లు కొడుతున్న రోజులవి, చేతులకు అలవాటై ఉంటుంది.

ఆస్పత్రుల పని ఇంకొకటి. మార్చి 19న, వైద్యం అవసరం తీరినవాళ్లను వీలైనంత త్వరగా ఇళ్లకు పంపి మంచాలు ఖాళీ చేయాలని ఆస్పత్రులకు ఆదేశం వచ్చింది. తుంటి విరిగి కోలుకుంటున్న మనిషిని మెట్లున్న ఇంటికి పంపాలంటే కుర్చీ ఉండాలి. మలుపు లేని మెట్లకు తిన్నని పట్టా చాలు. దాన్ని అక్కడికక్కడ కోసి కొన్ని గంటల్లో బిగించవచ్చు. మనిషి ఆస్పత్రిలో ఉండగానే ఖాళీ ఇంట్లో పని ముగించి రావచ్చు కాబట్టి అందరికంటే మా ఇంజనీర్లకు అదే నిశ్చింత. మలుపు తిరిగే మెట్లకు మాత్రం ఆ మెట్ల కొలతలకే పట్టా ప్రత్యేకంగా తయారు కావాలి. కొలతలకు మనిషి వెళ్లలేకపోతే, ముందుగా ఇంటివాళ్లు తీసి పంపిన ఫొటోలతో అంచనా వేసేవాళ్లం. కొన్ని ఫొటోల్లో మెట్ల కంటే ఫొటో తీస్తున్న అల్లుడి బొటనవేలే ఎక్కువగా కనిపించేది.

భయం గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. మొదటి వారాల్లో మాస్కులు చాలలేదు. ఇంట్లో ఆస్తమా ఉన్న కూతురుంది, నేను వెళ్లలేనని ఒక ఇంజనీరు అన్నాడు. అతన్ని ఎవరూ బలవంతం చేయలేదు, అతని పట్టణాన్ని పక్క ప్రాంతం వాళ్లు ఇద్దరు పంచుకున్నారు. అతను ఇంట్లో కూర్చుని, నాలాంటివాళ్లకు తేలని ఫోన్లు తీసుకోవడం మొదలుపెట్టాడు. చేత్తో పనిచేసి నేర్చుకున్నవాడు కాబట్టి, కుర్చీ చేసే చప్పుడు ఫోనులో విని ఏం జరుగుతోందో చెప్పేవాడు. ఆ పద్ధతి ఎంత బాగా కుదిరిందంటే, తర్వాత కూడా అతన్ని అక్కడే ఉంచేశారు.

ప్రశ్న: వ్యాపారం ఆగిపోయిన ఆ రోజుల్లో సిబ్బందికి జీతాలు వచ్చాయా?
— పాఠకుడు, చెన్నై

జవాబు: పని లేని సిబ్బంది జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా, ప్రభుత్వమే ఇచ్చే ఫర్లో పథకాన్ని 2020 మార్చి 20న ప్రకటించారు. ఇళ్లకు వెళ్లి కొత్త కుర్చీలు అమ్మేవాళ్లను మా సంస్థ ఆ పథకం కింద ఇంట్లో కూర్చోబెట్టింది. అందులో ఒక మెలిక ఉంది: ఫర్లోలో ఉన్నవాళ్లు తమ సంస్థ కోసం ఏ పనీ చేయకూడదు. అందువల్ల బాగా మాట్లాడగలిగిన అమ్మకాలవాళ్లు ఖాళీగా ఉండగా, ఫోన్లన్నీ మిగిలిన మా మీద పడ్డాయి. వారిలో కొందరు ఊరుకోలేక తమ పేటలో మందులు పంచే స్వచ్ఛంద సేవకులుగా చేరారు, దానికి మాత్రం అడ్డు లేదు.

ప్రశ్న: 2020 ఫిబ్రవరిలో మమ్మల్ని చూడటానికి వచ్చిన మా అమ్మానాన్నలు విమానాలు ఆగిపోయి లెస్టర్‌లోనే ఉండిపోయారు. ఏప్రిల్‌లో అమ్మ కాలు జారి పడి తుంటి విరిగింది. మెట్ల కుర్చీ అద్దెకు తెచ్చాం. అమ్మకు ఇంగ్లీషు రాదు. మేమిద్దరం ఉద్యోగాల్లో ఉండగా కంపెనీ నుంచి ఒకామె ఫోను చేసి తెలుగులో అన్నీ చెప్పిందట. అది మీరేనా?
— పాఠకురాలు, లెస్టర్

జవాబు: నేనే అయితే బాగుండును. నేను తెలుగులో మాట్లాడినవాళ్లు ముగ్గురే, వాళ్లలో లెస్టర్ వాళ్లు లేరు. ఎవరైనా ఆమె ఏం చేసిందో నాకు తెలుసు.

భారతదేశానికి అంతర్జాతీయ విమానాలు మార్చి 22 అర్ధరాత్రి తర్వాత ఆగిపోయాయి. వందే భారత్ విమానాలు మొదలైంది మే 7న. మధ్యలో మీ అమ్మానాన్నల్లా ఎందరో చిక్కుకున్నారు. ఆ దేశానికి ముసలితనంలో చుట్టపుచూపుగా వచ్చినవాళ్లకు మెట్ల కుర్చీ అన్నది ఎన్నడూ చూడని వస్తువు. అద్దె పద్ధతి అప్పుడు ఎంతో ఆదుకుంది. కొన్ని నెలలు వాడుకుని తిరిగి ఇచ్చేయవచ్చు, పట్టా తీసేస్తే మెట్ల మీద మిగిలేవి స్క్రూల బెజ్జాలే.

మార్చి నుంచి మమ్మల్ని ఇళ్ల నుంచే పనిచేయమన్నారు. నా చోటు వంటింటి పక్కన భోజనాల బల్ల. లెస్టర్‌లో మా వినియోగదారుల్లో గుజరాతీ పెద్దవాళ్లు చాలామంది ఉండేవారు, 1972లో ఉగాండా నుంచి వెళ్లగొడితే కట్టుబట్టలతో వచ్చి స్థిరపడిన కుటుంబాలవాళ్లు. జూన్ 29న దేశంలో అందరికంటే ముందు ఆ ఊరికి విడిగా మళ్లీ లాక్‌డౌన్ ప్రకటించినప్పుడు, మిగతా ఊళ్లు తెరుచుకుంటుంటే తమ ఊరికి మాత్రం తాళం వేశారని వాళ్లు బాగా కుంగిపోయారు. వాళ్లతో నేను హైదరాబాద్ హిందీలో మాట్లాడేదాన్ని, వాళ్లు గుజరాతీ కలిసిన హిందీలో జవాబు చెప్పేవారు. ఒకసారి మా కుక్కరు కూత వేసింది. అవతల తొంభైకి దగ్గరపడిన బామ్మ కుర్చీ సంగతి ఆపేసి ‘పప్పేనా?’ అంది. అవునన్నాను. ‘ఇంకో కూత రానీ, తర్వాత మాట్లాడదాం’ అని ఫోను పట్టుకునే కూర్చుంది. నాకు ఇచ్చిన శిక్షణ పుస్తకంలో పాదాల పలకకు, చేతులకు, బకిలుకు ఇంగ్లీషు పేర్లున్నాయి. వాటిని ‘కాళ్లు పెట్టుకునే చెక్క’, ‘చెయ్యి ఆనించే కర్ర’, ‘విమానంలో పెట్టుకుంటామే ఆ పట్టీ’ అని మార్చి చెప్పడమే మా పనిలో సగం. మీ అమ్మగారికి ఆమె ఏ మాటలు వాడిందో గుర్తుంటే రాయండి, తెలుసుకోవాలని ఉంది.

ప్రశ్న: మా అమ్మమ్మకు అప్పటి అలవాటు పోలేదు. ఇప్పటికీ రోజూ కుర్చీ చేతుల మీద శానిటైజరు కొడుతుంది. ఫరవాలేదా?
— పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ఫరవాలేదని చెప్పలేను. స్ప్రే నేరుగా కొడితే ద్రవం స్విచ్చు సందుల్లోకి దిగి అది అంటుకుపోతుంది. అలా పాడైన స్విచ్చులు 2020 వేసవిలో మేము చాలా మార్చాం. గుడ్డను కొద్దిగా తడిపి, బాగా పిండి, దానితో తుడవమనండి. బ్లీచి వద్దు. పట్టా పళ్లకు నూనె, గ్రీజు అసలే వద్దు, ఆ పని సర్వీసుకు వచ్చినవాళ్లది.

ప్రశ్న: మాది డూప్లెక్స్ ఇల్లు. మా నాన్నగారి కోసం మెట్ల కుర్చీ పెట్టించాలనుకుంటున్నాం. మళ్లీ 2020 లాంటి రోజులొస్తే ఇబ్బంది లేకుండా ఉండాలంటే కొనేటప్పుడు ఏం చూడాలి?
— పాఠకుడు, విజయవాడ

జవాబు: కుర్చీ కంటే ముందు మెట్లను చూడండి. మన డూప్లెక్సుల్లో మెట్లు సగంలో చదును వచ్చి వెనక్కి తిరుగుతాయి, కాబట్టి మీకు బహుశా మలుపు పట్టా కావాలి. అది మీ మెట్లకే తయారవుతుంది, ఖరీదు ఎక్కువ, వేరే ఇంటికి తీసుకెళ్లినా పనికిరాదు. గ్రానైటు మెట్ల మీద బెజ్జాలు వేసే పని అనుభవం ఉన్నవాళ్లే చేయాలి. కుర్చీ బ్యాటరీతో నడుస్తుంది కాబట్టి కరెంటు కోతకు భయపడనక్కర్లేదు గానీ, ఛార్జరున్న సాకెట్టును ఇంకెవరూ వాడకుండా చూడండి. ఊరు వెళ్లేటప్పుడు ఇల్లంతటికీ మెయిన్ ఆపే అలవాటు మనకుంది. తిరిగి వచ్చేసరికి బ్యాటరీ ప్రాణం పోయి ఉంటుంది.

అమ్మేవాళ్లను అడగవలసింది మెరుపు గురించి, రంగు గురించి కాదు. మన దేశంలో 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైనప్పుడు మీరు వినియోగదారులకు ఏం చేశారని అడగండి. అప్పటికి సంస్థ లేకపోతే, ఆదివారం రాత్రి కుర్చీ ఆగిపోతే ఫోను ఎత్తేది ఎవరని అడగండి. ఎత్తే మనిషి తెలుగులో మాట్లాడగలరా, లేక ఫిర్యాదు నంబరు ఇచ్చి పెట్టేస్తారా? బ్యాటరీలు, స్విచ్చులు విజయవాడలో దొరుకుతాయా, లేక ఇంకెక్కడి నుంచో రావాలా? వీలైతే డబ్బు కట్టకముందే ఒక ఆదివారం రాత్రి ఆ నంబరుకు ఒకసారి ఫోను చేసి చూడండి.

కుర్చీ వచ్చాక ఆ నంబరును దళసరి అట్ట మీద పెద్ద అంకెలతో రాసి మెట్ల పైనొకటి, కిందొకటి అతికించండి. సెల్‌ఫోను నాన్నగారి జేబులో ఉండాలి, దిండు కింద కాదు. కింద మరుగుదొడ్డి ఉంటే దాని తలుపు దగ్గర సామాను పేర్చకండి. రెండు పూటలకు సరిపడా మందులు, ఒక నీళ్ల సీసా, ఒక బిస్కెట్ పొట్లం పైగదిలో కూడా ఉంచి, పాత కళ్లద్దాలు పారేయకుండా అక్కడే పెట్టండి.